అంబ్రోసియ – అమృతము – రసము : ఒక పదవంశ చరిత్ర

వైశాఖ జ్యేష్ఠ మాసములలో నూజివీటి చుట్టుపట్ల తోటలకు పోయినవారికి ఒక మాట తప్పక వినవచ్చును. వరిగడ్డిలో మాగవేసిన చిన్నరసపు పండును చేతికిచ్చుచు తోట రైతు "చూడండి బాబూ, అమృతం!" అనును. మేమును ఒక వేసవిని అట్టి తోటలో చెట్టునీడను కూర్చుండి ఈ మాట వింటిమి. ఆనాడు మా సంచిలో హోమరు కావ్యభాగములకు విద్యార్థి యొకడు చేసిన అనువాదపు చిత్తుప్రతి కలదు. అందు 'అంబ్రోసియ' అను గ్రీకుపదము వచ్చిన చోట్లనెల్ల అతడు 'అమృతము' అని వ్రాసెను. రైతు నోటి మాటయు చిత్తుప్రతిలోని మాటయు ఒక్కటే. మాట యొక్కటి యైనంతమాత్రమున అర్థమును ఒక్కటియేనా యను సంశయము మాకచ్చటనే పొడమినది.

ఈ సంశయము చిన్నది కాదు. గ్రీకు పురాణపదములను తెనిగించువారందరును ఏదో యొక నాడు దీనిని ఎదుర్కొనక తప్పదు. జ్యూస్‌ను ఇంద్రుడన్నచో తప్పని అందరును అంగీకరింతురు. అంబ్రోసియను అమృతమన్నచో తప్పని ఎవ్వరును అనరు. ఏలయన నిఘంటువులును భాషాశాస్త్రమును ఆ రెండును ఒకటేయని చెప్పుచున్నవి. మేము ఈ వ్యాసమున నిరూపింప దలచినది యిది: ఈ రెండును జన్మచేత ఒక పదమే, జీవితముచేత మాత్రము రెండు. ఒకటి దేవతలయొద్దనే నిలిచిపోయినది. మఱియొకటి నేలకు దిగి మన విస్తరిలోనికి, మందుసీసాలోనికి, మామిడితోటలోనికి వచ్చినది.

పదజన్మము

గ్రీకుభాషలో 'బ్రోతోస్' అనగా మర్త్యుడు. దానికి ముందు నిషేధార్థకమగు 'అ' చేరి 'అంబ్రోతోస్', అనగా అమర్త్యుడు, అయినది. దానినుండి 'అంబ్రోసియోస్' అను విశేషణమును, దాని స్త్రీలింగరూపముగా 'అంబ్రోసియ' అను నామమును ఏర్పడినవి. సంస్కృతమున 'మృత' శబ్దమునకు ముందు నఞర్థకమగు 'అ' చేరి 'అమృత'మైన తీరును ఇదియే. చచ్చుట అను నర్థముగల ఒకే ప్రాచీనధాతువు రెండింటికిని మూలము. లాటినులో మరణవాచకమగు 'మోర్స్', అవెస్తాలో శుభప్రదులైన దివ్యశక్తులకు పేరైన 'అమెష స్పెంత'లలోని 'అమెష', మన మరణము, మృత్యువు, మర్త్యలోకము, అమరులు అన్నియు ఈ వంశములోనివే. ప్రాచీన పారసీకములో మర్త్యుడను నర్థముగల 'మర్తియ' శబ్దము తరువాత 'మర్ద్' అయి పురుషవాచకమైనది. కోటలలో జనానాకు ఎదురుగా 'మర్దానా' అని వాడబడిన మాట దానినుండి వచ్చినదే. మనుష్యుడనగా చచ్చువాడు, దేవుడనగా చావనివాడు అని ఈ భాషలన్నియు ఒకే గీత గీచి విభజించినవి.

ఇచ్చట ఒక భ్రాంతిని తొలగింపవలసియున్నది. గ్రీకులో తినుట యను నర్థముగల 'బ్రోసిస్' అను మాట కలదు. అంబ్రోసియ దేవతల ఆహారము గనుక అది దీనినుండి పుట్టినదని తలచుట సులభము. కాని 'బ్రోసిస్'లోని ఓకారము దీర్ఘము, 'అంబ్రోసియ'లోనిది హ్రస్వము. పైగా నిషేధార్థకమగు 'అ'తో కూడినచో అది 'తినరానిది' కావలసివచ్చును. కావున అంబ్రోసియలో ఆహారమను అర్థము పుట్టుకతో వచ్చినది కాదు. అది మొదట అమరత్వము. పిమ్మట అమరులకు చెందినది. ఆ పిమ్మటనే అమరులు తినునది.

మఱి సంస్కృతమున లేని బకారము గ్రీకులోనికి ఎట్లు వచ్చెను? 'మ్ర' అని పలుకునప్పుడు మకారమునకై కలిసిన పెదవులు రేఫకై విడివడు క్షణమున 'బ' అను ధ్వని దానంతట అదే దొర్లును. ఇట్లు 'అమ్రోతోస్' కావలసినది 'అంబ్రోతోస్' అయినది. పదము మొదట మకారము నిలువక 'బ్రోతోస్' మిగిలినది. దీనికి ఉదాహరణము కొఱకు మనము గ్రీసుదేశమునకు పోనక్కరలేదు. సంస్కృతమున మామిడికి పేరైన 'ఆమ్ర' శబ్దము ప్రాకృతమున 'అంబ' యైనది. నడుమ 'అంబ్ర' యను దశ కలదు. 'తామ్ర' శబ్దము పాలిలో 'తంబ' యైనదియు ఈ సూత్రముచేతనే. అశోకుని ఏడవ స్తంభశాసనమున బాటసారుల కొఱకు నాటించిన మామిడితోపులకు 'అంబావడికా' అను మాట వాడబడినది. మరాఠీవారి 'ఆంబా', సింహళీయుల 'అంబ' నేటికిని ఆ బకారమును మోయుచున్నవి. అంబ్రోసియలోని బకారమును, అంబలోని బకారమును ఒకే ఉచ్చారణధర్మమునకు పుట్టిన బిడ్డలు.

అంతమాత్రమున ఆమ్రము అమృతమునుండి పుట్టినదని చెప్పుట తగదు. రెండింటిని ఒకే ధాతువునకు తెచ్చుటకు ఆధారము లేదు; మొదటి దీర్ఘమే అడ్డు వచ్చుచున్నది. రుచి కలిసినచోట పదములను కలుపుట లోకస్వభావము. నూజివీడు అను ఊరిపేరునే నువ్వులచేనితో ముడిపెట్టి చెప్పు కథ ఆ ప్రాంతమున కలదు. అట్టి కథలు పదముల పుట్టుకను చెప్పకపోయినను ప్రజల మనస్సును చెప్పును. వానిని ఆ విలువకే గ్రహింపవలెను.

మఱియొక భేదమును గుర్తుంచుకొనవలెను. గ్రీకులనుండి మనకు వచ్చిన మాటలు వేఱు, గ్రీకులతో మనకు పంపకమునకు వచ్చిన మాటలు వేఱు. జ్యోతిషములోని హోర, కేంద్రము మొదలైనవి గ్రీకులనుండి అరువు వచ్చినవి. క్రీస్తుశకము రెండవ శతాబ్దమునాటి టాలమీ తన భూగోళగ్రంథమున కృష్ణాముఖద్వారపు సీమను 'మైసోలియ' అని పేర్కొనెను. అతడు చెప్పిన 'కంటకోస్సిల'ను పండితులు నేటి ఘంటసాలగా గుర్తించిరి. అనగా ఇప్పటి నూజివీటి తోటలకు ఒకటి రెండు దినముల ప్రయాణదూరములో గ్రీకుభాష నెఱిగిన నావికులు సంచరించిరి. కాని అమృతము వారు తెచ్చిన సరుకు కాదు. గ్రీకులును వైదికులును వేఱుపడకమునుపే ఆ మాట పుట్టియుండెను. 1786లో విలియం జోన్సు కలకత్తాలో ఈ భాషల జ్ఞాతిత్వమును ప్రకటించిన పిమ్మట ఇట్టి దాయభాగములను లెక్కించుట శాస్త్రమైనది.

తెలుగు ఆ దాయాదులలోనిది కాదు. 1816లో క్యాంబెల్ తెలుగువ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో ఎల్లిసు దొర దక్షిణదేశభాషలు వేఱొక కుటుంబమని చూపెను. కావున అమృతము మనకు సంస్కృతమునుండి వచ్చిన తత్సమము. మావి, మామిడి మాత్రము తమిళుల 'మా', కన్నడిగుల 'మావు'లతో కూడిన మన యింటి మాటలు. మలయాళపు 'మాంగ'ను పోర్చుగీసువారు గ్రహించి 'మంగా' అనిరి. ఆంగ్లేయుల 'మ్యాంగో' దానినుండి వచ్చినది. పండు పేరు మనది ప్రపంచమునకు పోయినది. పండును పొగడు మాట వేదభాషనుండి మనకు వచ్చినది.

గ్రీకుల అంబ్రోసియ

హోమరు కావ్యములలో అంబ్రోసియ కేవలము ఆహారము కాదు. ఇలియడ్ పదునాల్గవ సర్గమున హేరాదేవి అంబ్రోసియతో దేహమాలిన్యమును తొలగించుకొనును. పదునాఱవ సర్గమున జ్యూస్ తన కుమారుడైన సర్పెదోను మరణింపగా వాని శరీరమునకు అంబ్రోసియ పూయుమని అపోలోను పంపును. పందొమ్మిదవ సర్గమున పత్రోక్లసు శవము చెడకుండుటకై థెటిసు వాని నాసికలలో అంబ్రోసియను, నెక్టారును వేయును. ఆ సర్గమునందే శోకముచేత అన్నము ముట్టని అకిలీసు వక్షమున అథీనాదేవి ఆ రెండింటిని నింపి వాని ఆకలిని మాన్పును. ఒడిస్సీ నాల్గవ సర్గమున సీలుజంతువుల చర్మములక్రింద దాగిన మెనెలాసునకు ఆ దుర్గంధము సోకకుండ ఐదోథియ యను సముద్రకన్య ముక్కు క్రింద అంబ్రోసియ నుంచును. స్నానద్రవ్యము, లేపనము, శవరక్షకము, సుగంధము, ఆహారము: ఇన్నియు ఒక్కటే మాట.

తినునదియా, త్రాగునదియా అను విషయమునందును గ్రీకులకు ఏకాభిప్రాయము లేదు. హోమరునందు అంబ్రోసియ తినునది, నెక్టారు త్రాగునది. ఆల్క్మాను కవి దేవతలచేత నెక్టారును తినిపించెను. సాఫో కవయిత్రి అంబ్రోసియను పానపాత్రలో కలిపినట్లు చెప్పెను. దీనివలన మాకు తోచునది యేమనగా, పదార్థమేదియో వారికి ముఖ్యము కాదు. అది యెవరిదో అదియే ముఖ్యము. విశేషణరూపమున ఈ విషయము మఱింత స్పష్టము. జ్యూస్ శిరోజములును, హెర్మీసుని బంగరు పాదరక్షలును, చివరకు రాత్రియును హోమరునకు 'అంబ్రోసియము'లే. వీనిలో నేదియు తినునది కాదు. అన్నియు దైవసంబంధములు.

నెక్టారు పదమునుగూర్చి భిన్నాభిప్రాయములు కలవు. 1952లో పాల్ థీమ్ అను జర్మను పండితుడు సమర్థించిన వ్యుత్పత్తి ప్రకారము మొదటి భాగము నాశవాచకము, మన నశించుట, నాశములకు జ్ఞాతి. రెండవ భాగము దాటుటను చెప్పునది, మన తరించుట, తారకములకు జ్ఞాతి. అంగీకరించినచో నెక్టారు 'నాశతారకము', మృత్యువును దాటించునది, అగును. కొందరు దీనిని అంగీకరింపక అన్యభాషలలో మూలము వెదకుదురు. ఏది యెట్లైనను హోమరునకు ఈ జంట ఒకే కార్యమునకు నియుక్తమైనది.

ఆ కార్యము సరిహద్దును కాపాడుట. ఒడిస్సీ అయిదవ సర్గములో కలిప్సో హెర్మీసునకు అంబ్రోసియను, ఎఱ్ఱని నెక్టారును వడ్డించును. తరువాత ఒడిస్యూసుతో భోజనమునకు కూర్చున్నప్పుడు అతనికి మానవుల అన్నమును, తనకు అంబ్రోసియను పెట్టించును. బల్ల యొకటే, ఆహారములు రెండు. ఇలియడ్ అయిదవ సర్గమున దేవతలు రొట్టె తినరు, మద్యము త్రాగరు, కావున వారికి రక్తము లేదు, 'ఇఖోర్' అను వేఱు ద్రవము కలదు అని చెప్పబడినది. పిండారు చెప్పిన కథలో టాంటలసు దేవతల నెక్టారు అంబ్రోసియలను దొంగిలించి తోడి మానవులకు పెట్టి శిక్ష ననుభవించెను. ఉషోదేవతయగు ఈయోస్ తన ప్రియుడు టిథోనసునకు మరణము లేకుండునట్లు వరము కోరి, యౌవనమును అడుగ మఱచెను. వానికి ఆమె అంబ్రోసియను పెట్టినను ముదిమి ఆగలేదు. గ్రీకుపురాణము చెప్పునది కఠినమైన మాట: ఇది నీది కాదు.

మన అమృతము

ఋగ్వేదమునందును 'అమృత' శబ్దము మొదట విశేషణమే. ఎనిమిదవ మండలములోని ప్రసిద్ధసూక్తమున ఋషి తాము సోమపానము చేసి అమృతులమైతిమని చెప్పుకొనును. త్రాగినది సోమము, అయినది అమృతులు. ఇంతవఱకు గ్రీకువైదికుల నడక సమానమే. కాని ఈ తొలి ఘట్టమునందే ఒక భేదము కానవచ్చుచున్నది. త్రాగినవాడు మనుష్యుడు.

పురాణకాలమునకు అమృతము పాత్రలో నుంచదగు పదార్థమైనది. పదునొకండవ శతాబ్దమున రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని ఆస్థానమందు నన్నయభట్టు ఆదిపర్వమును తెనిగించినప్పుడు సముద్రమథనమును గరుడోపాఖ్యానమును తెలుగువారి సొత్తయినవి. పదునైదవ శతాబ్దమున పోతన భాగవతాష్టమస్కంధమున ఆ మథనమునే మరల విస్తరించెను. ఈ కథలో ముఖ్యమైన అంశమేమనగా దేవతలకు అమృతము పుట్టుకతో లేదు. వారును ముసలివారగుచున్నారు, ఓడిపోవుచున్నారు. శత్రువులతో సంధి చేసికొని, మందరమును కవ్వముగా, వాసుకిని తాడుగా చేసి, చేతులు కాయలు కాయునట్లు చిలుకవలసివచ్చినది. అమృతమునకు ముందు హాలాహలము వచ్చినది. గ్రీకుల అంబ్రోసియకు ఇట్టి జన్మకథ లేదు. ఒడిస్సీ పండ్రెండవ సర్గమున పావురములు జ్యూస్ కొఱకు దానిని మోసికొని వచ్చునని, ఢీకొను శిలల నడుమ ప్రతిసారియు ఒక పావురము నష్టమగునని మాత్రము కలదు. మోయుట కలదు, చిలుకుట లేదు.

మనకును మోసిన పక్షి యొకటి కలదు. గరుత్మంతుడు తల్లి దాస్యవిమోచనమునకై అమృతమును తెచ్చెను గాని తాను త్రాగలేదు. ఆ నిగ్రహమునకు మెచ్చి విష్ణువు వానికి అమృతము లేకయే అజరామరత్వమును ఇచ్చెను. అమృతమును దర్భలపై నుంచగా సర్పములు దానిని పొందజాలక ఆ దర్భలను నాకి నాలుకలు చీల్చుకొనెను. దొంగతనముగా త్రాగిన రాహువునకు అది కంఠమువఱకే దిగి, తల మాత్రము నిలిచెను. టాంటలసుని కథతో పోల్చిచూడుడు. అచ్చట దోషము మర్త్యుడు అమర్త్యమును ముట్టుట. ఇచ్చట దోషము పాలుగాని దానిని వంచనచే గ్రహించుట. గ్రీకుపురాణమున అడ్డుగోడ జాతి. మన పురాణమున అడ్డుగోడ నడవడి.

నడవడికి ముడిపడిన పదము గావుననే అమృతము గృహస్థుని యింటిలోనికి రాగలిగినది. మనుస్మృతి నాల్గవ అధ్యాయమున జీవనవృత్తులను చెప్పుచు, అడుగకయే వచ్చిన దానికి అమృతమనియు, యాచించి తెచ్చుకొన్నదానికి మృతమనియు పేర్లు పెట్టబడినవి. యజ్ఞశేషము అమృతమనియు ధర్మశాస్త్రములు చెప్పుచున్నవి. భోజనమునకు ముందు ఆపోశనము పట్టునప్పుడు ఆ నీటిని అమృతపు పఱపుగాను, తుదను త్రాగు నీటిని అమృతపు మూతగాను భావించు మంత్రములు నేటికిని చెప్పబడుచున్నవి. అనగా ఆ విస్తరియందు ఏమి వడ్డించినను, ఊరుబిండియు మజ్జిగయు మాత్రమే యైనను, అది రెండు అమృతముల నడుమ నుండును. కలిప్సో బల్లపై రెండుగా చీలిన ఆహారము ఇచ్చట ఒక్కటైనది.

నేలకు దిగిన పదములు

ఇట్లు ఇంటికి వచ్చిన మాట ఎచ్చటెచ్చట నిలిచినదో చూతము. పాలు, పెరుగు, నేయి, తేనె, చక్కెర కలిసి పంచామృతము. తిప్పతీగకు వైద్యులు పెట్టిన పేరు అమృతవల్లి. గోదావరీతీరపు అరటిపండ్లలో నొకటి అమృతపాణి. శ్రీవైష్ణవగృహములలో చారునకు 'సాత్తముదు' అని పేరు. ఇది తమిళమునుండి వచ్చినది: మొదటి భాగము మన చారునకు జ్ఞాతి, రెండవ భాగమగు 'అముదు' అమృతశబ్దభవము. దేవాసురులు చిలికిన పదార్థము చింతపండును మిరియాలును కలిసిన గిన్నెలోనికి వచ్చినది. అందులకు ఎవ్వరును నవ్వరు.

కృష్ణాజిల్లా ఎలకుఱ్ఱులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయియందు తలనొప్పి లేపనమును తయారుచేసి దానికి 'అమృతాంజనము' అని పేరు పెట్టిరి. ఆ వ్యాపారపు రాబడి తరువాత ఆంధ్రపత్రికకు ఆధారమైనది. ఈ పేరు విన్నప్పుడు మాకు ఒడిస్సీ నాల్గవ సర్గము జ్ఞప్తికి వచ్చును. ముక్కు క్రింద అంబ్రోసియను పూసిన ఐదోథియ చేసినపనియే మన ఇండ్లలో జలుబు చేసిన రాత్రి తల్లులు చేయుదురు. లేపనార్థము సంస్కృతపురాణమునకంటె హోమరునందే ప్రబలము. ఆ సంగతిని తలపక పెట్టిన పేరు ఆ పాత యర్థమును మరల బ్రతికించినది. దాయాదులు ఎన్ని వేలయేండ్లు విడిపోయినను ముఖకవళికలు కలియుట యిట్టిదే.

గ్రీకుపదమునకు కలిగిన గతి వేఱు. దాని దేవతలకు పూజలు ఆగిన పిమ్మట అది కవుల అలంకారముగా మిగిలెను. అచ్చటనుండి శాస్త్రజ్ఞుల నామకరణములోనికి పోయెను. 1753లో లిన్నేయసు ప్రకటించిన వృక్షజాతిగ్రంథమున మూడు పేర్లు ఒకచోట చేరినవి. అంబ్రోసియ అను ప్రజాతి యొకటి. దాని పుప్పొడి నేడు పాశ్చాత్యదేశములలో తుమ్ములకు ఉబ్బసమునకు హేతువై అపకీర్తి పొందినది. దేవతల ఆహారమను నర్థమున కోకోచెట్టునకు పెట్టిన 'థియోబ్రోమ' రెండవది. మూడవది 'మాంగిఫెర ఇండిక', మన మామిడి. 2022లో జిల్లాల పునర్విభజనచే నూజివీడు కృష్ణాజిల్లానుండి ఏలూరుజిల్లాలో చేరినది. ఆ జిల్లాలోనే కొబ్బరితోటల నడుమ కోకో విస్తారముగా పండుచున్నది. గ్రీకుదేవతల ఆహారమును మన దేవతల ఫలమును నేడు ఒకే కలెక్టరు ఏలుబడిలో నున్నవి.

ఈ పదమునకు కలిగిన మఱియొక అర్థము వినువారికి వింతగా నుండును. చెట్ల కాండములను తొలుచు పురుగులలో ఒక తెగ కఱ్ఱను తినదు. తొలిచిన సొరంగముల గోడలపై పెరుగు బూజును తిని బ్రతుకును. 1836లో ష్మిట్‌బెర్గరు అను పరిశీలకుడు ఆ బూజు ఏమో తెలియకయే దానికి 'అంబ్రోసియ' అని పేరు పెట్టెను. ఆ పురుగులకు 'అంబ్రోసియా పురుగులు' అను పేరు స్థిరపడినది. అవి ఆశ్రయించు చెట్లలో మామిడియు నొకటి. ఒక్క మామిడిచెట్టునందు పైన పండు మన నోట అమృతము. లోన బూజు శాస్త్రజ్ఞుని నోట అంబ్రోసియ! జన్మచే ఒకటైన పదము జీవితముచే ఎంత దూరము పోగలదో చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

రసము

ఇక రైతు మాటకు వత్తము. అతడు పొగడ్తకు అమృతమన్నాడు గాని పండునకు పెట్టిన పేరు అది కాదు. పండు పేరు రసము. చిన్నరసము, పెద్దరసము, చెఱుకురసము: నూజివీటి సీమ పేరు చెప్పగానే తెలుగువారికి మొదట స్ఫురించునవి ఇవి. బంగినపల్లి కత్తితో కోసి తినునది. రసము అట్లు కాదు. పండును అఱచేతుల నడుమ మెత్తగా పిసికి, ముచ్చికను కొఱికి, మొదటి సొనను పాఱవైచి, పిమ్మట పీల్చవలెను. తుదకు టెంకయు పీచును మిగులును. తిను క్రియయే పండునకు పేరైనది.

రసశబ్దమును ప్రాచీనమే. లాటినులో మంచును చెప్పు 'రోస్' దానికి జ్ఞాతి. చెట్టులోని సారము, నాలుకకు తెలియు రుచి, పాదరసము, కావ్యమున శృంగారాదులు, వీనినన్నిటిని ఆ మాట మోయుచున్నది. సంస్కృతనిఘంటువులలో మామిడికి 'రసాల'మని పేరు కలదు. నూజివీటివారి 'రసాలు' మాత్రము ఆ సంస్కృతపదము కాదు. అది రసశబ్దమునకు తెలుగు బహువచనము. రెండును ఒకే శబ్దమునుండి రెండు త్రోవల వచ్చి ఒక్క చెట్టుక్రింద కలిసికొన్నవి. పండితుడు రసాలమన్నను రైతు రసాలన్నను చూపునది ఒకే పండు. ఇట్టి కలయిక పదచరిత్రలో అరుదు.

అమృతమునకును రసమునకును గల భేదము గమనింపదగినది. అమృతము ఫలమును చెప్పును, త్రాగిన యెడల చావు లేదని. రసము అనుభవమును చెప్పును, పీల్చిన యెడల రుచి కలదని. తెలుగు రైతు ఆ పండునకు రసమని పేరు పెట్టి అమృతమని పొగడుటలో లోకజ్ఞాన మున్నది. చావకుండుటను అతడు వాగ్దానము చేయుటలేదు. చచ్చువారికి ఈ వేసవిలో దొరకునది యిదియని చెప్పుచున్నాడు.

కాని రసమునకు ఒక దోషము కలదు. అది మెత్తనిది, త్వరగా చెడును, దూరప్రయాణమునకు ఓర్వదు. బంగినపల్లి ఓర్చును; 2017లో దానికి భౌగోళికసూచిక గుర్తింపును లభించినది. తోతాపురి, అనగా మనవారు కలెక్టరుకాయ యనునది, గుజ్జు తీయు కర్మాగారములకు పోవును. పండ్ల గుజ్జునకు నీరును చక్కెరయు చేర్చిన పానీయమునకు నేటి ఆహారప్రమాణములలో పేరు 'నెక్టార్'. ఇట్లు జ్యూస్ బల్లపై ఎఱ్ఱగా పొంగిన మాట ఇప్పుడు మామిడిగుజ్జు సీసాపై అచ్చుపడుచున్నది. రవాణాకు ఓర్చినవానిదే విపణి యగునప్పుడు రసాలు నాటువారు తగ్గుట సహజము. నూజివీటిలోని మామిడి పరిశోధన కేంద్రమువంటి సంస్థలు రకములను కాపాడవచ్చును. కాని పిసికి పీల్చు చేతులు తోటనుండి తొలగినచో రసమను పేరునకు అర్థము నిఘంటువులోనికి పోవును. అంబ్రోసియకు జరిగినది అదియే గదా. దానిని తినువారు లేక అది పేరుగా మిగిలినది, ఆ పేరును తుదకు ఒక బూజునకు ఇచ్చివేసిరి.

అనువాదకుని కర్తవ్యము

ఇప్పుడు చిత్తుప్రతికి మా సమాధానము చెప్పవచ్చును. హోమరునందు అంబ్రోసియ నామముగా వచ్చినచోట అమృతమని వ్రాయుట తప్పు కాదు, రక్తసంబంధము కలదు. కాని అది అందరికిని అందరానిదని తెలుపు చోట్ల, కలిప్సో బల్లవంటి ఘట్టములలో, మన అమృతము ఆ కాఠిన్యమును చెప్పజాలదు. ఏలయన మన పాఠకుని యింట అమృతము ప్రతిదినము ఆపోశనముతో విస్తరికి వచ్చుచున్నది. అట్టి చోట గ్రీకుపదమునే నిలిపి, మొదటిసారి వచ్చినప్పుడు అర్థమును వివరించుట మేలు. విశేషణముగా వచ్చినచోట దివ్యమని వ్రాయవలెను. అమృతపు రాత్రి, అమృతపు చెప్పులు అనినచో తెలుగు చెడును. నెక్టారును మకరందమనుట పూవుల విషయమున చెల్లును, దేవతల పానమున చెల్లదు.

కాందహారున 1958లో బయల్పడిన అశోకుని ద్విభాషాశాసనమున ధర్మమునకు గ్రీకులో 'యూసెబియ', అనగా దైవభక్తి, అను మాట వ్రాయబడినది. ఆ లేఖకునకును మా విద్యార్థికి కలిగిన చిక్కే కలిగియుండును. సరిపోవు మాట దొరకినదనుకొన్నచోటనే అర్థము కొంత జారిపోవును. జారినదెంతయో చెప్పగలుగుటయే పదచరిత్ర చేయు ఉపకారము.

మేము తోటనుండి లేచి వచ్చునప్పుడు రైతు మఱి నాలుగు పండ్లను గడ్డితో చుట్టి సంచిలో పెట్టెను. మేమడుగలేదు, అతడు వెల చెప్పలేదు. అడుగక వచ్చినది అమృతమను మనువాక్యార్థము ప్రకారము అతడు పండునుగూర్చి పలికిన మాట ఆ క్షణమున అక్షరాల సత్యమైనది. చిత్తుప్రతిపై కొంత రసము కాఱి, అంబ్రోసియను అమృతముగా వ్రాసిన పుటయొకటి తడిసినది. ఆ పుటను మేము మార్చి వ్రాయించితిమి. ఆ మరకను మాత్రము చెఱుపలేదు.